పట్టభద్రుల ఋణము

(ఒక పట్టణ పఠనమందిర వార్షికోత్సవమున, నూతన పట్టభద్రుల సన్మానసభలో చేసిన ఉపన్యాసము)



విశ్వవిద్యాలయ విద్యార్థుల విజయములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీ పఠనమందిరమువారు మమ్ము ఆహ్వానించిరి. మేమును అభినందన వాక్యములు కొన్ని వ్రాసికొని వచ్చితిమి. కాని ఇప్పుడు కార్యదర్శిగారు ఈ సంవత్సరము పట్టములు పొందిన మీ పట్టణపు బిడ్డల పట్టిక చదువుచుండగా మేమొక సంగతి గమనించితిమి. చదివిన శాస్త్రము పేరు విన్నపుడు సభలో చప్పట్లు ఒక తీరున ఉండెను. ఉద్యోగము దొరికినదని విన్నపుడు అవి హెచ్చినవి. జీతమింతయని చదివినపుడు పందిరి దద్దరిల్లినది. చివర ఉద్యోగము పేరు లేని ముగ్గురి వంతు వచ్చినపుడు చప్పట్లు సన్నగిల్లినవి. వారిలో ఒకరు తల వంచుకొనిరి.

ఆ వంచిన తలను చూచిన పిమ్మట మేము వ్రాసి తెచ్చిన కాగితమును జేబులో పెట్టుకొంటిమి. మీరు దేనికి చప్పట్లు కొట్టుచున్నారో, దేనికి కొట్టవలయునో, ఆ విషయమునే నేడు ముచ్చటింప దలచితిమి. విద్యార్థి ఏమి సాధించెను అనునది ఒక ప్రశ్న. ఆ సాధన వలన వెనుక వచ్చువారికి ఏ తలుపు తెరచుకొనెను అనునది వేరొక ప్రశ్న. మన సభలయందు మొదటి ప్రశ్నయే వినబడుచున్నది. రెండవ ప్రశ్న అడుగనంత కాలము విశ్వవిద్యాలయముయొక్క విలువను మనము సరిగా లెక్కింపజాలము.

ఈ జబ్బు నేటిది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు విశ్వవిద్యాలయములు వెలసినవి. రాజమహేంద్రవరమునను బందరునను కళాశాలలు ఉండినను, ఆ కాలమున మన జిల్లాల విద్యార్థులకు పరీక్షయు పట్టమును మదరాసువే. నాటి పాలకులకు కావలసినది తమ కచేరీలు నడుపగల గుమాస్తాలు, తమ కోర్టులలో వాదింపగల వకీళ్లు. కావున పట్టము అనగా కొలువునకు చీటీ అను అర్థమే జనులలో పాతుకొనెను. పెండ్లిసంతలో పట్టమునకు వెల ఏర్పడెను. పరీక్ష తప్పినవాడు సహితము 'బి.ఏ. ఫెయిలు' అని బిరుదువలె పేరు చివర తగిలించుకొన్న కాలమది. నాడు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమునకు వేసిన దండనే నేడు కంప్యూటరు కంపెనీ కొలువునకు, అమెరికా ప్రయాణమునకు వేయుచున్నాము. దండ మారలేదు, మెడ మారినది.

అయినను ఆ గుమాస్తాల చదువునుండియే మన జాతీయజీవనమును నిలువబెట్టిన మహనీయులు వెలువడిరి. వారు ఆ చదువును తిరస్కరింపలేదు. దానిని కడముట్ట చదివి, పిమ్మట దాని ముఖమును మరియొక దిక్కునకు త్రిప్పిరి.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారిని తలచుకొనుడు. ఎం.ఏ. పట్టము పొంది, మునగాల సంస్థానమున దివాను పదవి నిర్వహించిన పండితుడాయన. ఆ కొలువుతోనే ఆయన తృప్తిపడియుండవచ్చును. కాని 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు తోడ్పడిరి. 1906లో మిత్రులతో కలసి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఇంగ్లీషు చదువునకు నోచుకొనని తెలుగువాడు చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తన భాషలో చదువుకొనవలయునని ఆ మండలి ఉద్దేశ్యము. పిమ్మట ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, అది పూర్తికాకుండగనే 1923లో కన్నుమూసిరి. ఆయన పట్టమువలన ఆయన కుటుంబమునకు ఎంత లాభించెనో మేమెరుగము. ఆ పట్టము ఇంగ్లీషురాని వేలాది పాఠకులకు పనికివచ్చెనని మాత్రము ఎరుగుదుము.

ఆ మండలి ప్రచురించిన మొదటి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. దానిని రచించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. వారి కథ ఈ సభలోని నిరుద్యోగ పట్టభద్రులు ప్రత్యేకముగా వినదగినది. ఎం.ఏ. ముగించి, ఉపాధ్యాయ శిక్షణకై వారు రాజమహేంద్రవరమున చేరియుండిరి. 1907లో బిపినచంద్రపాలు ఆ నగరమున ఉపన్యసించెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు పోయిరి. అధికారులు ఆగ్రహించిరి. హరిసర్వోత్తమరావుగారిని శిక్షణ కళాశాలనుండి వెడలగొట్టి, ప్రభుత్వోద్యోగమునకు అర్హత లేదని శాసించిరి. నేటి మన లెక్కలో ఆ యువకుని జీవితము అంతటితో ముగిసినట్లే గదా! కాని వారు బెజవాడకు పోయి 'స్వరాజ్య' వారపత్రికను నడపిరి. అందలి వ్రాతలకు 1908లో రాజద్రోహ నేరము మోపబడి, మూడేండ్లు కారాగారవాసము అనుభవించిరి. విడుదలయైన పిమ్మట గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. ఉపాధ్యాయుడు కారాదని శాసింపబడినవాడు ఒక తరమునకంతకు ఉపాధ్యాయుడయ్యెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి పల్లెపల్లెను పొడసూపిన పఠనమందిరముల కోవలోనిదే మీ పఠనమందిరము. మీరిప్పుడు కూర్చున్న ఈ చాపలు ఉద్యోగము పోయిన అట్టి పట్టభద్రులు వేసిపోయినవని మరువకుడు.

బందరున ఇట్టి దృశ్యమే మరియొకటి. కోపల్లె హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. పట్టములు పొందియు వకీలు వృత్తిని కాదని, ఊరూర తిరిగి విరాళములు పోగుచేసి, 1910లో ఆంధ్ర జాతీయకళాశాలను తెరచిరి. పుస్తకజ్ఞానముతోపాటు చేతిపనియు, చిత్రకళయు బోధింపవలయునని వారి సంకల్పము. ప్రమోదకుమార చటోపాధ్యాయుడు అక్కడ చిత్రలేఖనము నేర్పెను. న్యాయశాస్త్ర పట్టముగల అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులై చిత్రకారులైరి. హనుమంతరావుగారికి కుడిభుజముగా నిలిచిన డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు మదరాసున వైద్యవిద్య ముగించి, బందరున పేరుగాంచిన వైద్యుడై, ఆ వృత్తిని విడిచి దేశసేవలో దిగినవారు. రైతునకు, చిన్న వర్తకునకు అప్పుపుట్టని కాలమున 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినవారు ఆయనే. ఆ బ్యాంకు 2020లో వేరొక బ్యాంకునందు విలీనమైనది గాని, దాదాపు నూరేండ్లు అది మన జిల్లాల వాణిజ్యమునకు చేసిన సేవ విలీనము కాలేదు.

ఇక్కడ ఒక నిజము దాచక చెప్పవలయును. జాతీయకళాశాల చదువునకు సర్కారు కొలువులో విలువలేకపోయెను. ఆదర్శమును మెచ్చుకొన్న తండ్రులే తమ బిడ్డలను సర్కారు గుర్తింపుగల కళాశాలలకు పంపిరి. అది వారి తప్పని మేము అనము. జీవనోపాధి చూపని విద్య ఎంత ఉదాత్తమైనను బీదవాడు దానిని భరింపజాలడు. కావుననే ఉపాధి చూపునట్టియు, దేశమును మరువనట్టియు విశ్వవిద్యాలయము మనకు మనదిగా కావలయునని ఆంధ్రులు కోరిరి. ఆ కోరికకు ఫలితముగా 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడెను. మొదట బెజవాడనుండి నడచి, 1930లో వాల్తేరునకు చేరెను. దానికి నూరేండ్లు నిండిన ఈ దినములలో మనము దాని పూర్వవిద్యార్థుల చిట్టా తిరుగవేయుట సముచితము.

ఆ పరిషత్తునకు తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నపుడే 'ముసలమ్మ మరణము' వ్రాసిన కవి, కేంబ్రిడ్జిలో చదివినవారు, మైసూరు సంస్థానమున విద్యాశాఖలో ఉన్నతపదవులు నిర్వహించినవారు. 1930లో ప్రభుత్వము ప్రజలపై సాగించిన దమననీతికి నిరసనగా ఆయన వైస్ ఛాన్సలరు పదవికి రాజీనామా ఇచ్చిరి. పిమ్మట సర్వేపల్లి రాధాకృష్ణగారు 1931నుండి 1936వరకు ఆ స్థానమును అలంకరించిరి. తిరిగి 1936లో రెడ్డిగారే వచ్చి 1949వరకు పరిషత్తును పెంచిరి. విద్యార్థులారా! మీరు ఉద్యోగము సంపాదించుటను గూర్చి అనేక ఉపన్యాసములు వినియుందురు. ఉద్యోగమును విడువవలసిన గడియ ఒకటి ఉండునని చెప్పినవారు మీకు తటస్థపడిరా? ఆ పాఠము రెడ్డిగారు తరగతిలో చెప్పలేదు, చేసి చూపిరి.

ఆ వాల్తేరు పరిషత్తున చదివినవారిలో దుర్గాబాయి ఒకరు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆ బాలిక, ఇంగ్లీషు చదువు తనకు వద్దని చిన్ననాడే బడి మానివేసి, హిందీ నేర్చి, తన తోడి బాలికలకు హిందీ పాఠశాల నడపెను. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయెను. చెరసాలలో తోడి స్త్రీల నిరక్షరత చూచిన పిమ్మట ఆమెకు చదువుయొక్క అక్కర తెలిసివచ్చెను. విడుదలయైన పిదప, తోటివారు చదువులు ముగించుకొను ఈడున, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండెను. వాల్తేరున చేరబోవుసరికి అక్కడ స్త్రీలకు వసతిగృహము లేదు. ఆమె వెనుకకు మరలలేదు. చదువగోరు మరికొందరు బాలికలను కూడగట్టి వసతి ఏర్పరచుకొని, రాజనీతిశాస్త్రమున పట్టము పొందెను. ఆపై మదరాసున న్యాయశాస్త్రము చదివెను.

ఆమె పొందిన పదవులను మీరెరుగుదురు. రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. కాని మా దృష్టికి ఆమె ఘనకార్యము వేరు. 1937లో మదరాసునందు ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభలో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను చేరదీసి, తాను వ్రాసిన ఆ కాశీ మెట్రిక్యులేషను పరీక్షకే వారిని సిద్ధము చేసిరి. తాను ఏ సందుగుండ దూరి లోపలికి పోయెనో ఆ సందును వాకిలిగా వెడల్పు చేసెను. విశ్వవిద్యాలయ విద్యార్థి విజయము అనగా మేము గ్రహించినది ఇదియే.

ఇక గోదావరి కృష్ణలను దాటి హైదరాబాదు వైపు చూతము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనది. విదేశభాష గాక ఉర్దూయందు ఉన్నతవిద్య నేర్పుట ఆ కాలమునకు గొప్ప సాహసమే. కాని సంస్థానమున అధికసంఖ్యాకులైన తెలుగువారికి అది తల్లిభాష కాదు. 1938లో అక్కడి విద్యార్థులు వందేమాతరము పాడినందుకు వసతిగృహములనుండియు తరగతులనుండియు వెడలగొట్టబడిరి. వందలకొలది యువకుల చదువు నడివీధిని పడెను. అపుడు నాగపురపు విశ్వవిద్యాలయము తలుపులు తెరచి వారిని చేర్చుకొనెను. అట్లు సంస్థానము విడిచి పోయి చదువుకొన్నవారిలో ఒకరైన పి.వి. నరసింహారావుగారు 1991లో భారతదేశమునకు ప్రధానమంత్రియైరి. మూసిన తలుపు ఏమి పోగొట్టుకొనునో, తెరచిన తలుపు ఏమి గడించునో చూపుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఉర్దూ మాధ్యమమున చదువు సాగించి, ఉస్మానియాలోనే తెలుగున ఎం.ఏ.యు డాక్టరేటును పొంది, అక్కడనే ఆచార్యులైన సి. నారాయణరెడ్డిగారు 'విశ్వంభర' కావ్యమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము అందుకొనిరి. అదే విశ్వవిద్యాలయమున వైస్ ఛాన్సలరుగా ఉండిన జి. రామిరెడ్డిగారు 1982లో దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును హైదరాబాదున నెలకొల్పుటకు సారథ్యము వహించిరి. బడి మానిన కూలివాడు, పెండ్లియై చదువు వదలిన ఇల్లాలు, పగలు కొలువు చేయు గుమాస్తా, అర్హతా పరీక్ష ఒక్కటి దాటినచో పట్టమునకు చదువవచ్చునని ఆ సంస్థ ప్రకటించెను. మూడేండ్ల పిమ్మట ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరిట ఏర్పడిన జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును ఆయనయే తొలి వైస్ ఛాన్సలరు. ఈ సభలో అట్టి చదువు చదివినవారు ఎందరో ఉందురు. మీకు తలుపు తెరచినవాని పేరు మీరు వినియుండకపోవచ్చును. మంచి ద్వారపాలకుని లక్షణము అదియే.

ఇప్పుడు మీలో కొందరు లోలోన ఒక ఆక్షేపణ చేయుచుందురు. "అయ్యా! మీరు చెప్పిన వారందరు దేశముననే ఉండి పనిచేసినవారు. విదేశములకు పోయినవారి మాట ఏమి? వారు ద్రోహులా?" మేము అట్లనజాలము. ఇరువురి కథలు చెప్పి మా సమాధానము ఇచ్చెదము.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మార్లు తప్పిరి, మూడవమారు గట్టెక్కిరి. ఇరువురు సోదరులు కొద్దినాళ్ల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు అంగీ ధరించుటవలన ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి వచ్చిరి. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, 1922లో అమెరికాకు ఓడనెక్కిరి. అక్కడ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేయుచు హార్వర్డులో చదివిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్క్ అను ఆచార్యునితో కలసి 1925లో ప్రకటించిరి. 1930లో డాక్టరేటు పొందిరి. అక్కడ స్థిరమైన స్థానము లభింపక, 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయిరి. తన సోదరులను మింగిన వ్యాధికి పనికివచ్చు ఫోలికామ్లమును ఆయన బృందము కృత్రిమముగా తయారుచేసెను. రక్తపు క్యాన్సరుతో మరణించు పసిపిల్లలకు మొట్టమొదట ఊరటనిచ్చిన మందు ఆ శాలనుండి వచ్చినదే. ఆరియోమైసిన్ వెలువడినదియు ఆయన నాయకత్వముననే. 1948లో ఆయన అక్కడనే మరణించిరి; స్వదేశమునకు తిరిగి రాలేదు.

తిరిగి రాలేదని చెప్పితిమి. నిజముగా రాలేదా? ఆయన శాలలో రూపొందిన మరియొక మందు బోదకాలు వ్యాధికి ఉపయోగించునది. ఆ వ్యాధి గోదావరి తీరమున ఇంటింటి బాధ. 2004నుండి దేశమున ఇంటింటికి తిరిగి పంచుచు వచ్చిన బోదకాలు మాత్ర అదియే. భీమవరము విడిచిపోయిన బిడ్డ దేహముతో రాకపోయెను. మాత్రయై వచ్చి ప్రతి గుమ్మమును తట్టెను. కావున దూరముగా నున్నవానిని మేము నిందింపము. దూరమున నుండి ఊరికి ఏమి పంపెనని మాత్రము అడుగుదుము.

రెండవవారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. 1920లో హడగళి గ్రామమున తెలుగు కుటుంబమున, పదిమంది సంతానములో ఎనిమిదవ బిడ్డగా జన్మించిరి. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపము వెలిగించి చదువుకొనుమన్న తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన వార్ధకమున సహితము తన గ్రంథమున స్మరించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితశాస్త్రమున ప్రథమశ్రేణిలో పట్టము పొందిరి. పట్టము పొందిన పిమ్మట ఏమైనది? పరిశోధనకు వేతనము లభింపలేదు. యుద్ధకాలమున సైన్యపు సర్వేశాఖలో గణితజ్ఞుని కొలువుకై కలకత్తాకు పోగా, ఆ కొలువును దొరకలేదు. నేటి సభలలో ఆయన పేరు చదివియుండినచో చప్పట్లు సన్నగిల్లియుండును గదా! ఆ నగరముననే సంఖ్యాశాస్త్ర సంస్థను గూర్చి యాదృచ్ఛికముగా విని, 1941 జనవరి 1వ తేదీన అందు చేరిరి. 1945లో, నిండ ఇరువదియైదేండ్లు లేని వయస్సున, ఆయన ప్రకటించిన ఒక వ్యాసమునుండి పుట్టిన సిద్ధాంతములు నేటికిని ప్రపంచమంతట పాఠ్యగ్రంథములలో ఆయన పేరుతో బోధింపబడుచున్నవి. కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొంది 1948లో కలకత్తాకు మరలివచ్చి, దాదాపు మూడు దశాబ్దములు ఆ సంస్థలో శిష్యులను తయారుచేసిరి. ఆ శిష్యులలో ఒకరైన వరధన్‌గారు 2007లో గణితశాస్త్రమునందలి ఆబెల్ బహుమానమును పొందిరి. రావుగారు పిమ్మట అమెరికాకు పోయిరి. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారము పొంది, అదే సంవత్సరము ఆగస్టున నూట రెండేండ్ల వయస్సున పరమపదించిరి.

ఈ రెండు జీవితములనుండి తల్లిదండ్రులు గ్రహింపవలసినది ఒకటి కలదు. ఒకరు పరీక్ష రెండు మార్లు తప్పిరి. మరియొకరు కొలువు దొరకక తిరిగిరి. పరీక్ష ఫలితములు వెలువడిన దినమున పసివారు ప్రాణములు తీసికొన్న వార్తలు ఏటేటా మనము పత్రికలలో చదువుచున్నాము. ఆ పసివారిని చంపినది పరీక్షయా? కాదు. ఇరుగుపొరుగువారు ఏమందురో అను భయము. ఆ ఇరుగుపొరుగువారు ఎవరు? మనమే. జీతమునకు చప్పట్లు కొట్టు చేతులే వంచిన తలలను తయారు చేయుచున్నవి. ఈ మాట కఠినమైనచో క్షమింపుడు, అసత్యమైనచో ఖండింపుడు.

అట్లని జీతము పాపమని మేము బోధించుటలేదు. తండ్రి కూలికి పోయి, తల్లి పాచిపని చేసి చదివించిన బిడ్డ, తన వంశమున మొదటిసారి పట్టము పొంది, తొలి జీతముతో అప్పు తీర్చి ఇంటిపై కప్పు వేయించినచో, అది దేశసేవయే. ఆ కుటుంబము తరతరముల దాస్యమునుండి బయటపడినది. అట్టి బిడ్డను చూచి "నీవు త్యాగము చేయుము" అని కడుపు నిండినవారు ఉపన్యసించుట సిగ్గుచేటు. మా ప్రశ్న ఆ మొదటి జీతమును గూర్చి కాదు. పదవ ఏటి జీతమును గూర్చి. ఇల్లు నిలబడిన పిమ్మట, పొలము కొన్న పిమ్మట, పట్టణమున మేడ కట్టిన పిమ్మట, తన బడిని, తన పఠనమందిరమును, తన వీధిలోని తెలివిగల బీదబిడ్డను జ్ఞప్తికి తెచ్చుకొనెనా?

ఏలయన, ఆ పట్టమును ఆయన ఒక్కడే సంపాదింపలేదు. సర్కారు విశ్వవిద్యాలయమున విద్యార్థి చెల్లించు రుసుము ఆచార్యుల జీతములకు, పరిశోధనశాలలకు, గ్రంథాలయములకు చాలదు. మిగిలినది ప్రజల పన్నునుండి వచ్చుచున్నది. అగ్గిపెట్టె కొన్న ముసలమ్మయు, ఎరువు బస్తా కొన్న రైతును దానికి చెల్లించినవారే. వారిలో అనేకులు విశ్వవిద్యాలయపు గుమ్మము కన్నెత్తి చూడలేదు, చూడబోరు. ప్రైవేటు కళాశాలలో చదివినవారును తాము పూర్తిగా వెల చెల్లించితిమని భ్రమింపరాదు. వారికి అక్షరాభ్యాసము చేయించిన బడిపంతులు, వారు నడచిన బాట, వారు త్రాగిన నీరు ఎవరి ధనముతో వచ్చినవి? పట్టము ఒక బహుమానమని మనము అనుకొనుచున్నాము. అది అప్పుపత్రము. స్నాతకోత్సవమున చేతికిచ్చు ఆ కాగితము పై ముఖమున విద్యార్థి పేరు కనబడును; వెనుక ముఖమున, కంటికి కనబడకుండ, అప్పు ఇచ్చినవారి పేర్లు ఉండును.

ఋణము తీర్చు విధానము ఏమని మీరు అడుగవచ్చును. చెరసాలకు పొండని నేడెవ్వరు కోరుటలేదు. మేము చెప్పునవి సులభమైన పనులు. ఈ పట్టణమున ఉన్న పట్టభద్రులు వారమునకు ఒక సాయంకాలము ఈ పఠనమందిరమునకు వచ్చి, పదవ తరగతి బిడ్డలకు తమ శాస్త్రము చెప్పుదురుగాక. దూరదేశములందు ఉన్నవారు ఒక్కొక్క బీదవిద్యార్థి రుసుమును భరింతురుగాక. ధనముకన్న ముఖ్యముగా, ఏ విశ్వవిద్యాలయమునకు ఎప్పుడు దరఖాస్తు పంపవలయునో, ఏ విద్యార్థివేతనములు కలవో, తాము పడిన తిప్పలేవో వివరముగా ఉత్తరములు వ్రాయుదురుగాక. తెలిసినవారు చెప్పకపోవుటచేత మూసియున్న తలుపులు డబ్బులేక మూసియున్న తలుపులకన్న తక్కువేమియు కాదు. ప్రతి పట్టభద్రుడు తాను చదివిన శాస్త్రమును గూర్చి, ఇంగ్లీషురాని తన మేనత్తకు అర్థమగునట్లు, పది పుటలు తెలుగున వ్రాసి ఈ మందిరమునకు ఇచ్చుగాక. కొమర్రాజువారు ఆరంభించి వదలిన పనిలో అది ఒక ఇటుక.

పఠనమందిరమువారికి మా మనవి ఒకటి. మీ పట్టికలో చదువునకు ఒక గడి, ఉద్యోగమునకు ఒక గడి, జీతమునకు ఒక గడి ఉన్నవి. జీతపు గడిని కొట్టివేయుడు. దాని స్థానమున 'ఎవరికి తలుపు తెరచెను' అని ఒక గడి గీయుడు. మొదటి ఏట ఆ గడి అనేకుల పేర్లకు ఎదురుగా ఖాళీగా ఉండును. ఉండనిండు. ఖాళీ గడి కూడ ఒక ఉపన్యాసమే. మా ఉపన్యాసముకన్న బాగుగా పనిచేయును.

కడపట ఆ ముగ్గురు యువజనులకు ఒక మాట. మీకు ఇంకను కొలువు దొరకలేదు. అది కష్టమే, కష్టము కాదని మేము తియ్యని మాటలు చెప్పము. కొలువు వెదకుట మానకుడు. కాని మీ పేర్లకు ఎదురుగా ఉన్న ఖాళీని చూచి మిమ్ము మీరే కొట్టివేసికొనకుడు. గాడిచర్లవారికి ఒకనాడు ఆ గడి ఖాళీగానే ఉండెను. రాధాకృష్ణరావుగారికి కలకత్తా వీథులలో ఆ గడి ఖాళీగానే ఉండెను. రేపు ఉదయము ఈ మందిరమునకు వచ్చి, బయట అరుగుమీద ఆటలాడు పిల్లలలో నలుగురిని లోపలికి పిలిచి కూర్చుండబెట్టుడు. క్రొత్త గడిలో వ్రాయబడు మొదటి పేరు మీలో ఒకరిది కావచ్చును.

సభాసదులారా! మేము ముగించితిమి. మాకు చప్పట్లు కొట్టవలదు. ఆ ముగ్గురి పేర్లను కార్యదర్శిగారు మరల ఒకమారు చదువుదురుగాక. అపుడు కొట్టుడు.